తంతిపై నడచిన చేవ్రాలు: ఫ్యాక్సు యంత్ర చరిత్రము, దాని కట్టుదిట్టములు

మన గ్రంథాలయ రజతోత్సవమునకు పాతవస్తువుల ప్రదర్శనమొకటి యేర్పాటు చేయవలెనని కార్యవర్గమువారు నిశ్చయించినపుడు, బీరువా పైయరనుండి దింపిన సామగ్రిలో పాతధోవతి చుట్టిన ఫ్యాక్సు యంత్రమొకటి బయటపడినది. గ్రంథాలయపు ముందుగదిని కొన్నియేండ్లు ఎస్.టి.డి. బూతునకు అద్దెకిచ్చియున్న సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. బూతు మూతపడిననాడు దాని యజమాని, బాకీపడిన అద్దెలో కొంతకు జమగా, ఈ యంత్రమును మనకు విడిచి వెళ్లెను. దుమ్ము దులుపుచుండగా పదవతరగతి చదువు బాలుడొకడు దగ్గరకు వచ్చి, "ఇదేమిటి పెదనాన్నగారూ, ప్రింటరా?" అని యడిగెను. వానికి రెండుమాటలలో చెప్పవలెనని మొదలిడిన సమాధానము పెరిగి యీ వ్యాసమైనది.

ప్రింటరు కాదు, తపాలా కాదు, టెలిగ్రాము కాదు. ఒకచోట వ్రాసిన కాగితముయొక్క ప్రతిరూపమును, అక్షరము, గీత, సంతకము, సిరామరక సహితముగా, దూరమున నున్న మరియొక కాగితముపై నిలుపు యంత్రమిది. దీని చరిత్ర నెరుగగోరువాడు యంత్రమును మాత్రమే చూచిన చాలదు. ఆ చేరిన కాగితమును నమ్ముట యెట్లు, చేరవలసినవాని చేతికే చేరినదా, నడుమ నెవ్వరేని చదివిరా అను మూడు ప్రశ్నలును దానివెంట నడచుచునే యుండును.

ఈ ప్రశ్నలు విద్యుత్తుకంటె మిక్కిలి పాతవి. కౌటిల్యుని అర్థశాస్త్రమున రాజలేఖలు వ్రాయవలసిన విధానమునకు ఒక ప్రకరణమే కలదు. చారులు సంజ్ఞాలిపితో వార్తలు పంపుకొనవలెనని మరియొకచోట విధింపబడినది. అయితే లేఖారక్షణమును గూర్చి నాకు తెలిసిన గొప్ప పాఠము శాస్త్రగ్రంథమున లేదు, నాటకమున నున్నది. విశాఖదత్తుని ముద్రారాక్షసమున రాక్షసమంత్రి యుంగరము చందనదాసుని యింటివాకిట జారిపడి, గూఢచారిద్వారా చాణక్యుని చేత పడును. చాణక్యుడు సిద్ధార్థకుని పంపి, రాక్షసుని మిత్రుడైన శకటదాసుని చేతనే, పైవిలాసము లేని జాబొకటి వ్రాయించును. దానిపై ఆ యుంగరముతో ముద్ర వేయించును. తరువాత మలయకేతువు ఆ జాబును పట్టించుకొని, శకటదాసుని వ్రాతను తెప్పించి సరిపోల్చి చూచును. వ్రాత సరిపోయినది, ముద్ర సరిపోయినది, రాక్షసుడు ద్రోహిగా నిలిచెను. చేతివ్రాత నిజము, ముద్ర నిజము, జాబు మాత్రము అబద్ధము! శకటదాసుడు కాయస్థుడు, అనగా లెక్కలు వ్రాతలు చూచు మా వృత్తివాడు. కావున ఆ ఘట్టము చదివినప్పుడెల్ల నాకు కొంచెము సిగ్గు కలుగును. మనవారు అచ్చుతప్పులకు ముద్రారాక్షసములని పేరు పెట్టుటయు ఒకందుకు తగియే యున్నది.

ఇక యంత్రమునకు వత్తము. దీనిని మొదట ఊహించినవాడు స్కాట్లండు దేశపు ఉత్తరపుకొననున్న కేత్‌నెస్ సీమలో చిన్నకమతపు రైతుబిడ్డ, అలెగ్జాండరు బెయిన్. గడియారములు బాగుచేయు పని నేర్చినవాడు. 1843వ సంవత్సరము మే నెల 27వ తేదీన ఆయన పొందిన పేటెంటులో ఈ విద్యకు బీజమున్నది. రెండుచోట్ల రెండు లోలకములు ఒకే తాళముతో ఊగవలెను. ఇచ్చటి లోలకమునకు కట్టిన సూది లోహపు టక్షరములను తాకినపుడెల్ల తంతిలో విద్యుత్తు పారును. అచ్చటి సూది మందులో తడిపిన కాగితముపై ఆ క్షణముననే మరక పెట్టును. ఊపు ఊపునకు కాగితము కొంచెము జరుగును. ఇట్లు గీతలు గీతలుగా రూపమేర్పడును. టెలిఫోను 1876లో పుట్టినది. అనగా ఫ్యాక్సునకు మూలమైన ఊహ టెలిఫోనుకంటె ముప్పదిమూడేండ్లు పెద్దది. ఈ మాట చెప్పిన మా బాలుడు నమ్మలేదు.

ఫ్రెడరికు బేక్‌వెల్ అను ఆంగ్లేయుడు 1848లో దీనినే స్థూపాకారపు దొప్పలపై నడిపించి, 1851లో లండనునగరమున జరిగిన మహాప్రదర్శనమునందు పదుగురికి చూపెను. తగరపురేకుపై విద్యుత్తు పారనీయని సిరాతో వ్రాయుట ఆయన పద్ధతి. ఈయన తన యంత్రమునకు చెప్పుకొన్న గుణములలో రహస్యరక్షణ మొకటి యగుట గమనింపదగినది. వార్త చేరుచోట అక్షరములు కంటికి కనబడకుండ పడునట్లును, గ్రహీత దానిపై ఒక రసాయనజలమును పూసినగాని బయటపడకుండునట్లును చేయవచ్చునని ఆయన వాదము. తంతికార్యాలయపు గుమాస్తా తన చేతిమీదుగా పోయిన జాబును తానే చదువలేడన్నమాట. పుట్టి పదియేండ్లు నిండని విద్యకు అప్పుడే యీ చింత పట్టుకొన్నది.

వ్యాపారమున దీనిని మొదట నిలిపినవాడు ఇటలీదేశస్థుడు, మతగురువు, భౌతికశాస్త్రపండితుడు నైన జొవాన్ని కసెల్లి. ఆయన యంత్రము పేరు పాంటెలిగ్రాఫు. ఎత్తు మనిషిని మించిన పోతయినుపచట్రము, దానిలో పెద్ద లోలకము. ఫ్రాన్సుచక్రవర్తి మూడవ నెపోలియను దీనిని మెచ్చి ఆదరించెను. 1865లో పారిసు, లియోను నగరముల నడుమ ప్రజోపయోగమునకై ఈ వసతి తెరువబడినది. నా వంటివానికి ఆనందము కలిగించు విషయమేమనగా, ప్రజలు దీనిని బొమ్మలకొరకు గాని ప్రేమలేఖలకొరకు గాని ఎక్కువగా వాడలేదు. బ్యాంకులు, వర్తకులు సంతకములు సరిచూచుకొనుటకు వాడిరి. సామాన్యపు టెలిగ్రాములో మాటలు మాత్రమే చేరును. ఫలానావారు ఇంతసొమ్ము ఇమ్మనిరని గుమాస్తా వ్రాసి యిచ్చును. ఆ ఫలానావారు నిజముగ అనిరో లేదో తంతికి తెలియదు. పాంటెలిగ్రాఫులో చేవ్రాలే నీలిరంగుగీతలతో నడచివచ్చును. అందువలన సొమ్మిచ్చువానికి ధైర్యము. కొన్నియేండ్లకే ఆ వసతి నిలిచిపోయినది గాని, ఫ్యాక్సునకు మొదటి గిరాకి నమ్మకమువలన వచ్చినదే.

తరువాతి నూరేండ్ల చరిత్రను త్వరగా దాటుదును. జర్మనుపండితుడు ఆర్థరు కార్న్ సెలీనియమను ధాతువునకు వెలుగుచీకట్లను గుర్తించు గుణముండుట గ్రహించి, 1907లో ఛాయాచిత్రములను నగరమునుండి నగరమునకు పంపెను. ఫ్రాన్సులో ఎడువా బెలాఁ, అమెరికాలో 1935నుండి అసోసియేటెడ్ ప్రెస్సువారి చిత్రవార్తా తంతి, పత్రికలకు ఈ విద్యను అలవాటు చేసినవి. ఇంటిపని, కచ్చేరీపని చేయు యంత్రము మాత్రము 1966లో జిరాక్సు కంపెనీవారు అమ్మిన టెలికాపియరుతో వచ్చినదనవచ్చును. బరువు ఇంచుమించు ఇరువదియొక్క కిలోలు; మామూలు టెలిఫోనునకు తగిలించిన చాలును; ఒక పుట పోవుటకు ఆరునిమిషములు.

ఆ ఆరునిమిషములను ఒక్కనిమిషమునకు లోపు చేసినది 1980లో అంతర్జాతీయ దూరసంచార సంఘమువారు నిర్ణయించిన మూడవవర్గపు ప్రమాణము. లెక్క చూడుడు. పుట వెడల్పునకు వరుసకు 1728 చుక్కలు. నిడివిలో మిల్లీమీటరునకు 3.85 వరుసలు, 297 మిల్లీమీటర్ల కాగితమునకు సుమారు 1143 వరుసలు. గుణించిన 19,75,104 చుక్కలు. సెకనునకు 9600 చొప్పున పంపినను 3 నిమిషముల 26 సెకనులు పట్టవలెను. అయితే జాబులో తెలుపు ఎక్కువ, నలుపు తక్కువ. వరుసగా వచ్చు తెల్లచుక్కలను ఒక్కొక్కటిగా చెప్పక, "ఇన్ని తెలుపు, ఇన్ని నలుపు" అని చెప్పిన చాలునుగదా. మేము చిఠ్ఠాలో "సదరు" అని వ్రాసి వదలునట్లే. తరచు వచ్చు సంఖ్యలకు పొట్టిగుర్తు, అరుదుగా వచ్చువానికి పొడవుగుర్తు. డేవిడ్ హఫ్‌మన్ 1952లో ప్రకటించిన ఉపాయమిది. జపానుదేశమువారు ఈ యంత్రములను విశేషముగా నిర్మించి లోకమంతట అమ్మిరి. వేలకొలది చిత్రాక్షరములుగల ఆ భాషను టైపుచేయుటకంటె చేతితో వ్రాసి పంపుట వారికి సులభము.

ఇందొక భ్రమ కలదు. గుర్తులలో పోవుచున్నది కావున వార్త గూఢమని కొందరనుకొనిరి. కాదు. ఆ గుర్తుల పట్టిక లోకమునకంతకు బహిరంగము. అది సంకేతమే గాని రహస్యము కాదు. బూతులో మనమందరము విన్న ఆ కీచుధ్వనులు రెండు యంత్రములు ఒండొంటిని పలుకరించుకొని, "ఇంత వేగమున చదువగలను, పంపుము" అని చెప్పుకొను మాటలు. తంతిని నడుమ తాకి ఆ ధ్వనిని పట్టుకొనినవాడు తీరికగా పుటను తిరిగి నిలబెట్టుకొనవచ్చును. మామూలు ఫ్యాక్సునకు తాళము లేదు.

తాళము వేసినవారు లేకపోలేదు. అమెరికా, సోవియట్ రాజ్యములు అణుయుద్ధభయముతో 1963లో వాషింగ్టను, మాస్కోల నడుమ నేరుగా వార్తామార్గము నేర్పరచుకొనినవి. దానిని ఎఱ్ఱటెలిఫోనని జనులు చెప్పుకొనిరి గాని, అది నాడు టెలిప్రింటరు. మాటలలో పొరపాటు దొర్లునని కావలెననియే వ్రాతను ఎంచుకొనిరి. 1984 జూలైలో కుదిరిన ఒప్పందము ననుసరించి దానికి ఫ్యాక్సు చేర్చిరి. 1986నుండి అది పనిచేసినది. పటములు పంపుటకు వీలగునని దాని ప్రయోజనము. ఫ్యాక్సునుండి వెలువడు అంకెలలో, పలుచని పళ్లెమువంటి ఫ్లాపీలలో ముందుగా నింపియుంచిన యాదృచ్ఛికపు టంకెలను కలిపి పంపుట వారి పద్ధతి. ఆ రెండవ ప్రతి యున్నవానికి తప్ప ఇతరులకు అది ఇసుకరాశి. 2008లో ఆ మార్గము కంప్యూటరు లేఖలకు మారినది.

అంతటి కట్టుదిట్టము కచ్చేరీలకు అక్కరలేదు, అలవి కాదు. కచ్చేరీలను ముంచినది తంతిదొంగ కాడు, తప్పునొక్కిన వ్రేలు. 2010వ సంవత్సరము జూనులో ఇంగ్లండున హెర్ట్‌ఫర్డ్‌షైర్ మండలిసభవారి న్యాయవిభాగమునుండి, ఒక బిడ్డపై జరిగిన అత్యాచారపు వ్యాజ్యమునకు చెందిన కాగితములు న్యాయవాదుల కార్యాలయమునకు పోవలసినవి, ఎవరో పౌరుని యంత్రమునకు పోయినవి. పదుమూడు దినములకే అదే విభాగమునుండి మరియొక వ్యాజ్యపు కాగితములు సంబంధములేని కార్యాలయమునకు చేరినవి. ఆ నవంబరులో ఆ దేశపు సమాచార కమిషనరు ఆ సభకు లక్షపౌనుల జరిమానా విధించెను. ఆ యధికారమున విధింపబడిన జరిమానాలలో అదియే మొదటిది. ముందుగా ఫోనుచేసి "పంపుచున్నాను, యంత్రమువద్ద నిలువుడు" అని చెప్పియుండిన, రెండవది తప్పియుండెడిది.

మనయూరి సంగతియు నొకటి చెప్పవలసియున్నది. ఒక కన్యకు పట్టణపు ఆసుపత్రియొకటి చేసిన పరీక్షల ఫలితము బూతునకు ఫ్యాక్సులో వచ్చినది. సాయంకాలము, ఫోనుకొరకు నలుగురైదుగురు బల్లపై కూర్చుండియున్నారు. కాగితము పళ్లెములో వెల్లకిల పడియున్నది. తండ్రి పొలమునుండి వచ్చునప్పటికి ఆ కాగితము వీధికంతకు చదివినట్లైనది. జబ్బు ఆరునెలలలో నయమైనది. కుదిరిన సంబంధము మాత్రము తప్పిపోయినది. మరుసటియేడు ఆ కుటుంబము ఊరు విడిచినది. యంత్రమున దోషమేమియు లేదు. దానిని వీధిగదిలో, పదిమంది కూర్చుండుచోట పెట్టుటయే దోషము. ఆ గదిని అద్దెకిచ్చినవారిలో నేనును నొకడను.

ఫ్యాక్సు పుటయొక్క నెత్తిపై చిన్న అక్షరములతో పంపినవారి పేరు, నంబరు, తేదీ, వేళ అచ్చుపడును. అమెరికావారు 1991లో చేసిన శాసనమున పంపువాడు దీనిని తప్పక ముద్రింపవలెనని విధించి, అడుగకుండ వ్యాపారప్రకటనలు పంపుటను నిషేధించిరి. శాసనము మంచిదే. కాని ఆ పేరును, ఆ నంబరును యంత్రమునకు నేర్పువాడు దాని యజమానియే. ఏమి నొక్కిన అదియే అచ్చగును. గడియారము తప్పుగా నుంచిన వేళయు తప్పే. మరియు సంతకమును కత్తిరించి వేరొక జాబుక్రింద అతికి ఫ్యాక్సు చేసిన, చేరుచోట అతుకు కనబడదు. శకటదాసుని వ్రాత, రాక్షసుని ముద్ర! కసెల్లి కాలమున బ్యాంకులకు ధైర్యమిచ్చిన చేవ్రాలు ఈ కాలమున బ్యాంకులు తిరిగి ఫోనుచేసి విచారింపవలసిన చేవ్రాలైనది. ఆ విచారించునపుడును కాగితముపై నున్న నంబరునకు చేయరాదు. తమ దఫ్తరములో ముందే యున్న నంబరునకు చేయవలెను.

పంపినవానికి యంత్రమిచ్చు చీటీ మరియొక భ్రమ. "ఓకే" అని పడిన, అచ్చటి యంత్రమునకు పుటలు అందినవని మాత్రమే యర్థము. మనుష్యునికి అందినదని కాదు. 2018 నవంబరు 21న జమ్మూకాశ్మీరమున, ప్రభుత్వమేర్పరచుటకు హక్కు కోరుచు మెహబూబా ముఫ్తీ గవర్నరునకు వ్రాసిన జాబు ఫ్యాక్సులో పోవుటలేదని ఆమె ప్రకటించెను. ఆ రాత్రియే శాసనసభ రద్దైనది. అది పండుగదినము, ఫ్యాక్సువద్ద ఎవ్వరును లేరని గవర్నరు సత్యపాల్ మాలిక్ తరువాత చెప్పెను. రాజకీయము నాకు పనిలేదు. తీసికొనువాడు లేని యంత్రమునకు జాబు పంపుట తాళమువేసిన యింటిలో కేకవేయుటవంటిది.

మా సహకారసంఘమున నాకు జరిగిన పరాభవము వేరు. పూర్వపు యంత్రములు వేడికి నల్లబడు చుట్టకాగితముపై అచ్చువేసెడివి. ఋణగడువు పొడిగించుచు పైకార్యాలయమొకటి పంపిన ఉత్తరువును అట్లే ఫైలున కుట్టితిని. నాలుగేండ్లకు ఆడిటరు వచ్చి ఉత్తరువు చూపుమనగా, తెల్లకాగితము! వేసవియెండకు, జిగురునకు అక్షరములు కరగిపోయినవి. ఆయన ఆ కాగితమును వెలుగునకెత్తి చూచి, "గుమాస్తాగారూ, దీనిలో మీకేమైనా కనబడుతున్నదా?" అని యడిగెను. ప్రతి తెప్పించుటకు రెండునెలలు తిరిగితిని. అప్పటినుండి వచ్చిన ఫ్యాక్సును వెంటనే జిరాక్సు తీసి, ప్రతినే కుట్టుచుంటిని.

కావున కచ్చేరీలో యంత్రము పెట్టినవారు కాలక్రమమున ఒక పద్ధతిని నేర్చుకొనిరి. యంత్రమును తలుపున్న గదిలో, ఒకరి బాధ్యతలో నుంచుట; దాని తంతిని వేరుగ నుంచుట; గడియారమును, పేరును సరిగా నేర్పుట; నిత్యము పంపు నంబరులను గుర్తుమీటలకు ఎక్కించి, ఎక్కించిన పిమ్మట పనికిరాని కాగితమొకటి పంపి సరిచూచుట; మొదటిపుటగా ఎవరికి, ఎన్ని పుటలు, పొరపాటున చేరిన ఎవరికి తెలుపవలెను అను వివరముల చీటీ పెట్టుట; పంపకముందు ఫోను, పంపినవెనుక ఫోను. రాత్రి వచ్చు పుటలను అచ్చువేయక జ్ఞాపకములో దాచి, గుప్తసంఖ్య నొక్కినపుడే బయటపెట్టు యంత్రములు తరువాత వచ్చినవి. వానిని అమ్మునపుడు ఆ జ్ఞాపకమును తుడిచివేయువారు తక్కువ.

కంప్యూటరుతో కలిసిన యంత్రములతో క్రొత్త చిక్కు వచ్చినది. 2018 ఆగష్టులో చెక్‌పాయింటు సంస్థకు చెందిన ఇద్దరు పరిశోధకులు, ఫ్యాక్సు నంబరు మాత్రము తెలిసిన చాలును, కుయుక్తితో అల్లిన పుటనొకదానిని పంపి హెచ్.పి. బహుప్రయోజనయంత్రమును వశము చేసికొని, అందుండి కచ్చేరీ కంప్యూటర్లలోనికి చొరవచ్చునని చూపిరి. ఆ కంపెనీవారు మరమ్మతు వెలువరించిరి. అదేయేడు ఇంగ్లండు ప్రభుత్వవైద్యశాలలలో ఇంకను ఎనిమిదివేలకు మించిన ఫ్యాక్సు యంత్రములున్నట్లు లెక్కతేలగా, 2019 జనవరినుండి క్రొత్తవి కొనరాదని ఉత్తరువైనది. 2021లో జర్మనీయందలి బ్రెమెన్ రాష్ట్రపు సమాచారరక్షణాధికారి, వ్యక్తుల వివరములు పంపుటకు ఫ్యాక్సు తగదని ప్రకటించెను. మనదేశమున టెలిగ్రాము 2013 జూలైలో ముగిసినది. ఫ్యాక్సునకు అట్టి ముగింపుదినము లేదు, నెమ్మదిగా గుడ్డలో చుట్టి బీరువా యెక్కించిరి.

మరల మన యంత్రమునకు. ఇది చుట్టకాగితపు రకము కాదు. మామూలు కాగితముపై కార్బనువంటి నల్లని పొరతో అచ్చువేయునది. ఆ పొర ఒక పొడవైన రీలు. ఒక్కొక్క పుట అచ్చుపడినపుడు ఆ పుటలోని అక్షరముల మేర నలుపు కాగితమునకు అంటి, రీలుపై అదే అక్షరము తెల్లగా మిగిలిపోవును. ప్రదర్శనమునకు తుడుచుటకై మూతతీసినపుడు రీలు లోపలనే యున్నది. దీపమునకెదురుగా పట్టి రెండుమూరలు విప్పితిని. ఒక ఉద్యోగపు పిలుపు. ఒక బ్యాంకుజాబు, ఎవరి బాకీ యెంతయో. ఆపై నాకు తెలిసిన యింటిపేరు. అంతటితో చుట్టివైచితిని.

కార్యవర్గమున దీనిపై కొంత చర్చ జరిగినది. ఇది గ్రామచరిత్రకు ఆధారము, దాచవలెనని ఒకరు. అవి మనకు వ్రాసిన జాబులు కావని మరియొకరు. చేతులెత్తగా ఐదింటికి రెండు. ఆ సాయంకాలమే గ్రంథాలయపు పెరటిలో, రీలును విప్పకుండ, ముక్కలుగ కోసి కాల్చితిమి. వాసన చాలసేపు పోలేదు. యంత్రము మాత్రము రీలులేకుండ, కిటికీప్రక్క బల్లపై, టెలిగ్రాముఫారముల కట్టకును పాతతూనికరాళ్లకును నడుమ ఉంచబడినది.